మొదటి అక్షరం ఏ చిప్ మీద ముందు పడుతుంది? పాతతరం సింగిల్ బోర్డు కంప్యూటర్ కట్టేవాళ్లకు ప్రాసెసర్ ఎంపిక

పాత పద్ధతిలో ఒకే బోర్డు మీద చిన్న కంప్యూటర్ కట్టాలని కూర్చున్నవాళ్లకు ముందుగా ఎదురయ్యేది ప్రాసెసర్ ప్రశ్న. చాలామంది వేగం ఎంత, ఎన్ని బిట్లు, ఎంత మెమరీ అని పట్టిక వేసుకుని చూస్తారు. నేనూ మొదట్లో అలాగే చూశాను. నాలుగు బోర్డులు కట్టాక నా లెక్క మారింది. ఇప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఇది: పవర్ ఇచ్చాక సీరియల్ టెర్మినల్ (బోర్డు పంపే అక్షరాలను చూపించే తెర) మీద మొదటి అక్షరం పడాలంటే బోర్డు మీద ఎన్ని సంగతులు ఒకేసారి సరిగ్గా ఉండాలి? ఆ సంఖ్య తక్కువైతే బోర్డు పూర్తవుతుంది. ఎక్కువైతే సగంలో అట్టపెట్టెలోకి పోతుంది.

ఈ పనిలో అసలు కష్టం బొమ్మ గీసేటప్పుడు తెలియదు. అన్నీ అతికించి స్విచ్ వేశాక టెర్మినల్ ఖాళీగా ఉంటుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది. క్లాక్ (ప్రాసెసర్‌ను అడుగడుగునా నడిపే సిగ్నల్) రావట్లేదా, రీసెట్ వదలట్లేదా, అడ్రస్ డీకోడింగ్ (ఏ అడ్రస్‌కి ఏ చిప్ పలకాలో తేల్చడం) తప్పా, ఫ్లాష్‌లో రాసిన కోడే తప్పా, సీరియల్ వేగం కుదరలేదా? అన్ని తప్పులూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఆ రాత్రి చేతిలో ఏం ఆధారాలు ఉంటాయో ఆలోచించి చిప్ ఎంచుకోవాలి.

ఎంబెడెడ్ ప్రాసెసర్లంటే ఇక్కడ నా ఉద్దేశం, 1970ల నాటి పేరున్న ప్రాసెసర్ల కోర్ తీసుకుని, దాని చుట్టూ సీరియల్ పోర్టులు, టైమర్లు, చిప్ సెలెక్ట్ లైన్లు (పలకాల్సిన చిప్‌ను పిలిచే తీగలు) కలిపి ఒకే ముక్కగా చేసినవి. 1980ల్లో, 90ల్లో ప్రింటర్లలో, మోడెముల్లో, ఇంజన్ కంట్రోలర్లలో, యంత్రాల ప్యానెళ్లలో ఇవే ఉండేవి. బోర్డు మీద చిప్‌ల సంఖ్య బాగా తగ్గుతుంది, అది నిజమైన లాభం. కానీ తగ్గిన కష్టం ఎక్కడికీ పోదు. తీగల్లోంచి లేచి రిజిస్టర్లలోకి, అంటే చిప్ లోపల అమరికలు రాసే గదుల్లోకి చేరుతుంది. విడి చిప్‌లతో కట్టిన బోర్డులో తప్పు మల్టీమీటర్‌కి దొరుకుతుంది. ఎంబెడెడ్ చిప్‌లో అదే తప్పు, రీసెట్ తర్వాత మొదటి పది ఇన్‌స్ట్రక్షన్లలో ఎక్కడో దాగి ఉంటుంది.

ముందు సాఫ్ట్‌వేర్ తేల్చుకోండి

చిప్ కంటే ముందు తేలాల్సింది, ఆ బోర్డు మీద మీరు ఏం నడపాలనుకుంటున్నారన్నది. పాత ప్రోగ్రాములు నడపాలా? మీరే అసెంబ్లీలో రాసుకుని, ఒక్కో సిగ్నల్ ఎలా కదులుతోందో చూడాలా? సీ కంపైలర్‌తో పెద్ద ప్రోగ్రాములు రాయాలా? ఈ మూడింటికీ మూడు వేర్వేరు చిప్‌లు సరిపోతాయి. అన్నిటికీ ఒకే చిప్ కావాలంటే మాత్రం ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

జెడ్180: చాలామందికి నా మొదటి సలహా

మీ జవాబు పాత ప్రోగ్రాములు, ముఖ్యంగా సీపీ/ఎం ప్రోగ్రాములు అయితే ఇక ఎక్కువ వెతకక్కర్లేదు. గ్యారీ కిల్డాల్ 1974లో రాసిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్ కింద నడిచే బేసిక్‌లు, టర్బో పాస్కల్, వర్డ్‌స్టార్, అసెంబ్లర్లు ఈనాటికీ దొరుకుతాయి. వాటిలో చాలా భాగం జెడ్180కి మూలమైన మామూలు జెడ్80 మీద కూడా నడుస్తాయి. మరి జెడ్180 ఎందుకు?

కారణం మెమరీలో ఉంది. సీపీ/ఎంకి అడ్రస్ సున్నా నుంచి రామ్ కావాలి, ప్రోగ్రాములు 0100 హెక్స్ (పదహారు ఆధారంగా రాసే సంఖ్య) దగ్గర మొదలవుతాయి. కానీ జెడ్80 రీసెట్ అయ్యాక మొదటి ఇన్‌స్ట్రక్షన్ కోసం చూసేది కూడా సున్నా అడ్రస్‌నే, కాబట్టి అక్కడ రోమ్ ఉండాలి. విడి జెడ్80తో కడితే, మొదట రోమ్ చూపించి తర్వాత దాన్ని తప్పించే లాచ్ (ఇచ్చిన విలువను పట్టి ఉంచే చిన్న సర్క్యూట్) ఒకటి మీరే కట్టాలి. దానితో పాటు సీరియల్ చిప్ వేరు, టైమర్ చిప్ వేరు. జెడ్180 లోపల మెమరీ మేనేజ్‌మెంట్ యూనిట్ ఉంది. 64 కేబీ లాజికల్ అడ్రస్‌ను 4 కేబీ ముక్కల లెక్కన మూడు భాగాలుగా విడదీసి, 1 ఎంబీ భౌతిక మెమరీలో కావలసిన చోటికి మళ్లిస్తుంది. రోమ్‌ను తప్పించడం ఒక రిజిస్టర్‌లోకి బైట్ రాయడంతో అయిపోతుంది. రెండు సీరియల్ పోర్టులు, రెండు 16 బిట్ టైమర్లు, రెండు డీఎంఏ చానళ్లు (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా తరలించేవి) కూడా లోపలే ఉన్నాయి.

దీంతో బోర్డు ఎంత చిన్నదవుతుందంటే, 512 కేబీ ఫ్లాష్ ఒకటి, 512 కేబీ స్టాటిక్ రామ్ ఒకటి, క్లాక్ ఇచ్చే ఆసిలేటర్, పవర్ కుదురుకునేదాకా రీసెట్ పట్టి ఉంచే సూపర్‌వైజర్, ఒక లాజిక్ చిప్. అన్నిటికంటే పై అడ్రస్ లైన్ ఏ19 సున్నా అయితే ఫ్లాష్, ఒకటి అయితే రామ్. అడ్రస్ డీకోడింగ్ అంతా ఆ ఒక్క వాక్యమే. మొదటి అక్షరానికి ముందు సరిగ్గా ఉండాల్సినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

క్లాక్‌కి 18.432 మెగాహెర్ట్జ్ తీసుకోండి. దాన్ని 160తో భాగిస్తే సరిగ్గా 115200 వస్తుంది, సీరియల్ వేగంలో తేడానే ఉండదు. 20 మెగాహెర్ట్జ్ అంటే వినడానికి గొప్పగా ఉంటుంది కానీ ఆ వేగంలో సీరియల్ లెక్క కుదరక టెర్మినల్ మీద పిచ్చి గుర్తులు వస్తాయి.

ఇది రీసెట్ తర్వాత బాగా జాగ్రత్తగా నిద్రలేస్తుంది. మెమరీకి మూడు వెయిట్ స్టేట్లు (జవాబు కోసం ఆగే అదనపు క్లాకులు) పెట్టుకుంటుంది, డైనమిక్ రామ్ ఉందేమోనని రిఫ్రెష్ కూడా నడుపుతుంది. మొదటి రోజుకు అది మంచిదే, అలాగే ఉండనివ్వండి. అక్షరం పడ్డాక ఆ రెండూ తగ్గిస్తే అదే బోర్డు ఒక్కసారిగా చురుకవుతుంది. ఇంకో సంగతి, ఎస్‌డీ కార్డును దీని క్లాక్డ్ సీరియల్ పోర్టుకి కలపాలనుకుంటే, ఈ పోర్టు బైట్‌లో అన్నిటికంటే తక్కువ విలువున్న బిట్‌ను ముందు పంపుతుంది, కార్డు ఎక్కువ విలువున్న బిట్‌ను ముందు అడుగుతుంది. ప్రతి బైట్‌నూ తిరగేసే చిన్న పట్టిక మీ కోడ్‌లో ఉండాలి.

లోపాలూ చెప్పాలి. జెడ్80కి డాక్యుమెంట్లలో లేని ఇన్‌స్ట్రక్షన్లు కొన్ని ఉన్నాయి, ఐఎక్స్ రిజిస్టర్‌ను రెండు సగాలుగా వాడుకునేవి. పాత ఆటల్లో ఇవి కనిపిస్తాయి. జెడ్180 వాటిని ఒప్పుకోదు, ట్రాప్ వేసి, అంటే తప్పు కోడ్‌గా పట్టుకుని, ఆపేస్తుంది. 64 పిన్నుల ష్రింక్ డిప్ (రెండు వైపులా దగ్గర దగ్గరగా పిన్నులుండే) ప్యాకేజీలో ఏ19 బయటికి రాదు, మెమరీ 512 కేబీతో ఆగిపోతుంది, పైగా దాని పిన్నుల దూరం 1.778 మిల్లీమీటర్లు కాబట్టి మామూలు బ్రెడ్‌బోర్డులో కూర్చోదు. 68 పిన్నుల పీఎల్‌సీసీ (నాలుగు వైపులా పిన్నులుండే చదరపు ప్యాకేజీ) తీసుకుని సాకెట్‌లో పెట్టడం మేలు.

సరఫరా విషయానికొస్తే, 1976 నుంచి వస్తున్న విడి జెడ్80 చిప్‌కు 2024లో దాని తయారీదారు జైలాగ్ ముగింపు ప్రకటించింది, ఆ ఏడాది జూన్ 14 చివరి ఆర్డర్ల తేదీ. పాత నిల్వలు చాలాకాలం దొరుకుతాయి కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. కొత్త డిజైన్ మొదలుపెట్టేవాళ్లకు మాత్రం అది ఆలోచించాల్సిన సంగతే.

65సీ02: లోపల ఏం జరుగుతోందో చూడాలనుకుంటే

ఇది ఎంబెడెడ్ చిప్ కాదు కదా అంటారేమో. నిజమే, సీరియల్ పోర్టు కూడా లోపల లేదు. అయినా ఈ పోలికలో ఇది ఉండాల్సిందే, ఎందుకంటే నేను వేసుకున్న ప్రశ్నకు అన్నిటికంటే నిజాయితీగా జవాబిచ్చే చిప్ ఇది.

1975లో చక్ పెడిల్ బృందం తయారుచేసిన 6502కి సీమాస్ (తక్కువ కరెంటు తినే తయారీ పద్ధతి) వారసుడిని వెస్టర్న్ డిజైన్ సెంటర్ ఈనాటికీ తయారుచేస్తోంది. 40 పిన్నుల డిప్ ప్యాకేజీ, బ్రెడ్‌బోర్డులో నేరుగా కూర్చుంటుంది. 5 వోల్టుల దగ్గర 14 మెగాహెర్ట్జ్ వరకూ హామీ ఉంది. అంతకంటే ముఖ్యం, దీని క్లాక్‌ను ఎక్కడైనా ఆపవచ్చు. బటన్ నొక్కుతూ ఒక్కో క్లాక్ ఇస్తూ, డేటా బస్ మీద ఎల్‌ఈడీలు పెట్టుకుని, రీసెట్ వెక్టర్ (మొదటి ఇన్‌స్ట్రక్షన్ ఎక్కడుందో చెప్పే అడ్రస్) చదివే క్షణాన్ని కళ్లతో చూడవచ్చు. ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌సీ అడ్రస్ వచ్చింది, దాని బైట్ వచ్చింది, తర్వాత ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌డీ. ఆ దృశ్యం ఒకసారి చూసినవాళ్లకు కంప్యూటర్ అంటే ఉన్న బెరుకు పోతుంది. ఎవరికైనా నేర్పించడానికి బోర్డు కడుతుంటే నేను మరో మాట లేకుండా దీన్నే చెబుతాను.

పాత పుస్తకాల్లో 6502 సర్క్యూట్ చూసి కట్టేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. పాత చిప్‌లో ఒకటో పిన్ను గ్రౌండ్. కొత్త చిప్‌లో అదే పిన్ను వెక్టర్ పుల్ అనే అవుట్‌పుట్. దాన్ని గ్రౌండ్‌కు కలిపితే అవుట్‌పుట్‌ను షార్ట్ చేసినట్టే. అలాగే ఆర్‌డీవై, బీఈ, ఐఆర్‌క్యూ, ఎన్‌ఎంఐ పిన్నులను వదిలేయకుండా రెసిస్టర్‌తో పైకి లాగాలి.

సీరియల్ దగ్గరే ఇబ్బంది. ఇప్పుడు దొరికే డబ్ల్యూ65సీ51 చిప్‌లో, పంపే రిజిస్టర్ ఖాళీ అయిందో లేదో చెప్పే బిట్ ఎప్పుడూ ఖాళీ అనే చెబుతుంది. అది తెలియక దాని మీద ఆధారపడి రాస్తే అక్షరాలు మింగేస్తుంది. ప్రతి అక్షరానికీ కొంత ఆలస్యం పెట్టడమో, 16సీ550 తరహా వేరే సీరియల్ చిప్ వాడడమో చేయాలి. సాఫ్ట్‌వేర్ కూడా సీపీ/ఎం అంత విస్తారంగా ఉండదు. బేసిక్, మానిటర్ (మెమరీని చూసి మార్చే చిన్న ప్రోగ్రామ్), మీరు రాసుకున్నవి, అంతే. 1976లో యాపిల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన వోజ్నియాక్ యాపిల్-1 కోసం 256 బైట్లలో రాసిన మానిటర్‌ను మీ బోర్డుకు మార్చుకుని నడిపితే మాత్రం ఆ తృప్తి వేరు.

80సీ188ఈబీ: ఒక భ్రమ తొలగించుకుని రావాలి

ఇంటెల్ ఇన్‌స్ట్రక్షన్లు ఇష్టపడేవాళ్లు దీని దగ్గరకు వస్తారు. రెండు సీరియల్ పోర్టులు, పది చిప్ సెలెక్ట్ లైన్లు లోపలే ఉన్నాయి. రోమ్‌కి బయట డీకోడర్ అక్కర్లేదు, రీసెట్ కాగానే పై చిప్ సెలెక్ట్ తనంతట తానే పనిలోకి వస్తుంది. చదివినప్పుడు ఇంతకంటే సులువైనది ఉండదనిపిస్తుంది.

కానీ రీసెట్ సమయంలో ఆ సెలెక్ట్ మెమరీలో చిట్టచివరి 1 కేబీ వరకే పనిచేస్తుంది. మీ మొదటి ఇన్‌స్ట్రక్షన్లు ఆ 1 కేబీలోనే ఉండి, ముందు ఆ పరిధిని పెంచి, ఆ తర్వాతే బయటికి జంప్ చేయాలి. క్రమం తప్పితే ప్రాసెసర్ ఖాళీ మెమరీలోకి దూకి మాయమవుతుంది. అడ్రస్, డేటా ఒకే పిన్నుల మీద వస్తాయి కాబట్టి బయట లాచ్ కావాలి. క్లాక్‌కి మూలమైన క్రిస్టల్ విలువ మీకు కావలసిన వేగానికి రెట్టింపు ఉండాలి.

భ్రమ సంగతి చెబుతాను. ఇది 8088 కోడ్ నడుపుతుంది, కానీ ఐబీఎం పీసీ కాదు. లోపలి టైమర్లు, ఇంటరప్ట్ కంట్రోలర్ పీసీలో ఉన్న చోట ఉండవు, ఆ తీరులో పనిచేయవు. 1983లో టాండీ 2000 ఇదే కుటుంబంలోని 80186తో వచ్చి, పీసీ కంటే వేగంగా నడిచి కూడా చాలా పీసీ ప్రోగ్రాములను నడపలేకపోయింది. మీరు బయోస్ (డాస్‌కీ హార్డ్‌వేర్‌కీ మధ్య ఉండే కోడ్) రాసుకుంటే డాస్ లేస్తుంది, బయోస్ ద్వారా మాట్లాడే ప్రోగ్రాములు నడుస్తాయి. తెర మెమరీలోకి నేరుగా రాసే ఆటలు, ఎడిటర్లు నడవవు. బయోస్ రాయడమే మీకు ఇష్టమైన పని అయితే మంచి ఎంపిక. డాస్ ఆటల కోసమైతే వద్దు, విడి 8088తో పీసీని పోలిన బోర్డు కట్టుకోండి.

68332: రెండో బోర్డుగా కట్టండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన చిప్ ఇదే, మొదటిసారి కట్టేవాళ్లకు వద్దని చెప్పేదీ దీన్నే. మోటరోలా సీపీయూ32 కోర్, అంటే 68020కి దగ్గరి బంధువు. చక్కని 32 బిట్ రిజిస్టర్లు, 16 ఎంబీ వరకూ ముక్కలు కాని అడ్రస్ స్థలం, 12 చిప్ సెలెక్ట్‌లు, 2 కేబీ లోపలి రామ్. జీసీసీ కంపైలర్ నేరుగా దీనికి కోడ్ తయారుచేస్తుంది. సీ రాసేవాళ్లకు జెడ్180 ఇరుకిల్లు అయితే ఇది మండువా ఇల్లు.

132 పిన్నులు, మధ్య దూరం 0.635 మిల్లీమీటర్లు. చేయి తిరిగితే తప్ప సోల్డరింగ్ సాగదు. డేటా లైన్లను రీసెట్ సమయంలో చదివి తన అమరిక తేల్చుకుంటుంది. ఉదాహరణకు డీ0 తక్కువగా ఉంటే బూట్ రోమ్ 8 బిట్లదని, ఎక్కువగా ఉంటే 16 బిట్లదని అనుకుంటుంది. ఒకే ఫ్లాష్ పెట్టి ఈ లైన్‌ను కిందికి లాగడం మర్చిపోతే అంతా సరిగ్గా ఉన్నా ఏమీ రాదు. మామూలుగా వాడే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి 16.78 మెగాహెర్ట్జ్ తయారవుతుంది, ఆ క్లాక్‌తో 115200 సీరియల్ వేగం కుదరదు. 9600 గానీ 19200 గానీ పెట్టుకోవాలి.

ఇన్ని చెప్పీ ఎందుకు ఇష్టమంటే, దీనిలో బ్యాక్‌గ్రౌండ్ డీబగ్ మోడ్ ఉంది. పది పిన్నుల హెడర్ పెట్టి కేబుల్ కలిపితే రోమ్ లేకుండానే ప్రాసెసర్‌ను ఆపి రిజిస్టర్లు చదవవచ్చు, లోపలి 2 కేబీ రామ్‌లో చిన్న ప్రోగ్రామ్ పెట్టి నడపవచ్చు. ఖాళీ తెర ముందు కూర్చున్న రాత్రి అంతకంటే గొప్ప సాయం ఇంకోటి లేదు. 68000 కుటుంబం కావాలి, సోల్డరింగ్ భయం ఉంది అంటే 48 పిన్నుల డిప్‌లో 68008 ఉంది. డేటా బస్ 8 బిట్లు, మెమరీ 1 ఎంబీ. 1984లో సింక్లెయిర్ క్యూఎల్‌లో వాడింది అదే.

మిగతావాటి గురించి క్లుప్తంగా. 6809 అసెంబ్లీ రాయడానికి ముచ్చటైన చిప్, ఓఎస్-9 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడపాలనుకుంటే దానికే వెళ్లండి. ఈజెడ్80 వేగంలో వీటన్నిటినీ మించిపోతుంది కానీ 3.3 వోల్టుల సన్న పిన్నుల చిప్, పాత బోర్డు కట్టిన అనుభూతి తక్కువ.

కొనేటప్పుడు, కట్టేటప్పుడు

వీటిలో చాలా చిప్‌లు పాత యంత్రాల నుంచి పీకినవే దొరుకుతాయి. పై అక్షరాలు చెరిపి కొత్తగా ముద్రించినవీ వస్తాయి. ఒకసారి నాకు జెడ్8ఎస్180 అని ముద్ర ఉన్న చిప్ వచ్చింది. టెర్మినల్ 115200 దగ్గర పిచ్చి గుర్తులు చూపించింది. మూడు సాయంత్రాలు ఆసిలేటర్‌ను అనుమానించాను, కేబుల్‌ను అనుమానించాను. చివరికి టెర్మినల్‌ను 57600కి మార్చగానే శుభ్రంగా చదవగలిగాను. విషయమేమిటంటే, అది పాత జెడ్80180. ఆ చిప్ క్రిస్టల్‌ను ఎప్పుడూ రెండుతో భాగిస్తుంది. ఎస్ రకంలో ఆ భాగహారం తీసేసే రిజిస్టర్ ఉంది, పాతదానిలో లేదు. నా కోడ్, ఆ చిప్‌లో లేని రిజిస్టర్‌లో రాసి ముందుకు సాగింది. అప్పటి నుంచి ఏ చిప్ వచ్చినా ముందు మంచి బోర్డు మీద సాకెట్‌లో పెట్టి పరీక్షిస్తాను, వీలైతే రెండు కొంటాను.

పీఎల్‌సీసీ సాకెట్ వాడేటప్పుడు ఒకటో పిన్ను మూలలో ఉండదని, ఒక వైపు మధ్యలో ఉంటుందని గుర్తుంచుకోండి. సాకెట్ కింది పిన్నులు రెండు వరుసల్లో అటూ ఇటూ ఉంటాయి. బోర్డును తయారీకి పంపే ముందు కాగితం మీద అసలు కొలతలో ముద్రించి, సాకెట్‌ను దాని మీద నిలబెట్టి, పిన్నులన్నీ ఒక్కొక్కటిగా చూడండి. గంట పడుతుంది, పట్టనివ్వండి. ప్రతి చిప్ పక్కనా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. రీసెట్‌కి రెసిస్టర్, కెపాసిటర్ జంటతో సరిపెట్టకుండా సూపర్‌వైజర్ చిప్ వేయండి.

రోమ్ పెట్టకముందే ప్రాసెసర్ బతికి ఉందో లేదో చూసే పరీక్ష ఉంది. డేటా లైన్లను రెసిస్టర్లతో ఏ పనీ చేయని ఇన్‌స్ట్రక్షన్ విలువకు కట్టేయాలి. జెడ్180కి అన్నీ సున్నాలు, 65సీ02కి ఈఏ హెక్స్. ప్రాసెసర్ ఆగకుండా మెమరీ అంతా తిరుగుతుంది. 1 మెగాహెర్ట్జ్ క్లాక్ ఇస్తే 65సీ02 ఏ15 లైన్ మీద ఎల్‌ఈడీ సెకనుకు ఏడెనిమిది సార్లు మెరుస్తుంది. మెరిసిందంటే పవర్, క్లాక్, రీసెట్ మూడూ సరే అన్నమాట. 80సీ188ఈబీ డేటా, అడ్రస్ కలిపి పంపుతుంది, 68332 డేటా లైన్ల నుంచి అమరిక చదువుకుంటుంది, కాబట్టి వాటి మీద ఈ పరీక్ష ఇంత సులువుగా కుదరదు. మొదటి బోర్డుకు జెడ్180 గానీ 65సీ02 గానీ అని నేను అనడానికి ఇదీ ఒక కారణం.

ఎల్‌ఈడీ మెరిశాక ఫ్లాష్ పెట్టండి. అందులో మొదటి ప్రోగ్రామ్ మానిటర్ కాకూడదు, బేసిక్ కాకూడదు. స్టాక్ వాడకుండా, రామ్‌ను ముట్టకుండా, సీరియల్ పోర్టు అమర్చి ఇంగ్లిష్ పెద్ద అక్షరం 'యు' ను పదేపదే పంపే పది, పదిహేను ఇన్‌స్ట్రక్షన్లు చాలు. రామ్ వైరింగ్ తప్పయినా ఇది నడుస్తుంది. ఆ అక్షరం విలువ 55 హెక్స్. స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ కలుపుకుంటే సున్నా, ఒకటి, సున్నా, ఒకటి అని సరిగ్గా మారుతూ వెళ్తుంది, మధ్యలో ఖాళీ లేకుండా పంపితే ఆసిల్లోస్కోప్ మీద చదరపు తరంగం కనిపిస్తుంది. 115200 దగ్గర అది 57.6 కిలోహెర్ట్జ్ ఉండాలి. 28.8 కనిపిస్తే మీ చేతిలో ఉన్నది ఏ చిప్పో మీకు ఇప్పటికే తెలుసు.